పుట్టింట్లో పురుడు, కార్డు అత్తగారి ఊళ్లో: తొలిచూలు తల్లికి మొదటి 14 వారాల సమాచారం

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి బిడ్డను కన్న తల్లుల కోసం, వాళ్లను చూసుకుంటున్న అమ్మలు, అత్తలు, బిడ్డ తండ్రుల కోసం ఈ సమాచారం. ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లుంటే వాళ్లకు చదివి వినిపించండి. బాలింత దగ్గర ఎక్కువసేపు ఉండేది వాళ్లే.

మన దగ్గర తొలికాన్పు పుట్టింట్లోనే జరుగుతుంది. సీమంతం చేసి తీసుకెళ్తారు, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో తిరిగి పంపిస్తారు. కన్నతల్లి దగ్గర ఉండడం బాలింతకు ఎంతో ధైర్యం. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. గర్భం నమోదు అయింది అత్తగారి ఊళ్లో. తల్లీబిడ్డల కార్డు (ఎంసీపీ కార్డు) ఇచ్చింది అక్కడి ఏఎన్ఎం. అంగన్‌వాడీలో పేరు ఉన్నదీ అక్కడే. ఉదాహరణకు అత్తగారి ఊరు కనిగిరి దగ్గర, పుట్టిల్లు నరసరావుపేట దగ్గర అనుకుందాం. కనిగిరి వైపు ఆశా కార్యకర్త "పుట్టింటికి వెళ్లింది కదా, అక్కడ చూస్తార్లే" అనుకుంటుంది. నరసరావుపేట వైపు ఆశాకు ఆ ఇంట్లో పసిబిడ్డ ఉన్న సంగతే తెలియదు. రెండు ఊళ్ల మధ్య ఆ బిడ్డ ఎవరి పుస్తకంలోనూ లేకుండా పోతుంది.

అదీ ఎప్పుడు? బిడ్డకు అన్నిటికంటే ప్రమాదం ఎక్కువగా ఉండే మొదటి నెలలో. ఈ పీడీఎఫ్‌లో ముఖ్యంగా చెప్పదలచింది ఇదే: మీరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లోనే సేవలు అడిగి తీసుకోవచ్చు. అడగాలి కూడా.

ఇల్లు చేరిన రోజే ఒక ఫోన్ చేయించండి

ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయితే డిశ్చార్జ్ తర్వాత ఇంటి దగ్గర దించడానికి తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ వాహనం ఉంటుంది. ఇది ఉచితం. ఎవరికీ డబ్బులు ఇవ్వాల్సిన పని లేదు. సాధారణ కాన్పుకు 3 రోజులు, ఆపరేషన్ కాన్పుకు 7 రోజుల వరకు ఆసుపత్రిలో తల్లికి భోజనం, మందులు, పరీక్షలు, అవసరమైతే రక్తం కూడా జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఉచితమే.

ఇల్లు చేరగానే, చుట్టాలు బిడ్డను చూడ్డానికి రాకముందే, ఆ ఊరి ఆశాకు కబురు పెట్టండి. నంబరు తెలియకపోతే అంగన్‌వాడీలో గానీ విలేజ్ హెల్త్ క్లినిక్‌లో గానీ సచివాలయంలో గానీ అడిగితే ఇస్తారు. చెప్పాల్సింది రెండు ముక్కలే: "మా అమ్మాయి కాన్పుకు వచ్చింది, ఫలానా రోజు బిడ్డ పుట్టింది. ఇంటికి వచ్చి చూడండి."

ఆశా మీ ఇంటికి రావాల్సిన రోజులు ఇవి: బిడ్డ పుట్టిన 3వ రోజు, 7వ రోజు, 14, 21, 28, 42వ రోజు. మూడో రోజుకు మీరు ఇంకా ఆసుపత్రిలోనే ఉంటే ఏడో రోజు నుంచి మొదలవుతుంది. వచ్చినప్పుడు బిడ్డను తూకం వేయాలి, జ్వరం చూడాలి, ఊపిరి లెక్కపెట్టాలి, బొడ్డు చూడాలి, మీరు పాలిస్తుంటే పక్కన కూర్చుని గమనించాలి. మీ రక్తస్రావం, జ్వరం, రొమ్ముల గురించి కూడా అడగాలి. గుమ్మంలో నిలబడి "బాగున్నారా" అని అడిగి వెళ్లిపోతే అది లెక్కలోకి రాదు. "ఒకసారి తూకం వేయండమ్మా" అని మీరే అడగండి. మొహమాటం అక్కర్లేదు, అది ఆమె పనిలో భాగమే.

పురిటి మైల అని పదకొండు రోజులు ఎవర్నీ గదిలోకి రానివ్వని ఇళ్లున్నాయి. చుట్టాలను ఆపడం మంచిదే. బిడ్డకు జలుబు, దగ్గు అంటకుండా ఉంటుంది. ఆశాను, ఏఎన్ఎంను మాత్రం ఆపొద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని లోపలికి రమ్మనండి చాలు.

"పాలు పడలేదు" అనే మాట

తొలిచూలు తల్లి చెవిలో ఎక్కువసార్లు పడే మాట ఇది. రెండో రోజు బిడ్డ ఏడుస్తుంది. పెద్దావిడ "పాలు పడలేదు, పంచదార నీళ్లన్నా పట్టండి" అంటుంది. ఇంకొకరు డబ్బా పాలు తెప్పిస్తారు. బిడ్డ కడుపు నిండి నిద్రపోతుంది, రొమ్ము పట్టదు. పట్టకపోతే పాలు ఊరవు. నాలుగో రోజుకు "చూశావా, పాలు లేవని చెప్పానా" అంటారు. పాలు లేకపోవడానికి కారణం ఆ డబ్బానే అని ఎవరూ అనుకోరు.

జరిగేది ఏమిటంటే, మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపు రంగులో, కొద్దిగానే వస్తాయి. పుట్టిన బిడ్డ పొట్ట చాలా చిన్నది, ఆ కొద్దిపాటి పాలే సరిపోతాయి. రోగాలను అడ్డుకునే శక్తి వాటిలోనే ఎక్కువ. పిండి పారబోయొద్దు. బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ముకు అందించాలి. ఆపరేషన్ అయినా సరే, తల్లికి మెలకువ ఉంటే నర్సు సాయంతో పట్టించవచ్చు. మూడో రోజు నుంచి ఐదో రోజు లోపు పాలు దండిగా దిగుతాయి. ఆపరేషన్ అయిన తల్లులకు ఒక రోజు ఆలస్యం కావచ్చు. అంతమాత్రాన పాలు లేనట్టు కాదు.

సరిపోతున్నాయా లేదా అన్నది బిడ్డ ఏడుపును బట్టి చెప్పలేం. ఉచ్చ లెక్క చూడండి. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, మూడో రోజు మూడుసార్లు పోసినా చాలు. ఐదో రోజు దాటాక రోజుకు, అంటే రాత్రీ పగలూ కలిపి, ఆరుసార్లు లేదా అంతకంటే ఎక్కువ పోస్తుంటే పాలు అందుతున్నట్టే. డైపర్ వేస్తే ఈ లెక్క తెలియదు. మొదటి పది రోజులు మెత్తటి పాత నూలు గుడ్డలు, ఉతికి ఎండలో ఆరేసినవి వాడండి. ఖర్చూ తక్కువ, లెక్కా తెలుస్తుంది.

తూకం విషయంలోనూ భయపడొద్దు. పుట్టిన బిడ్డ మొదటి కొద్ది రోజుల్లో కొంచెం తగ్గుతుంది. 3 కిలోల బిడ్డ నాలుగో రోజుకు 2 కిలోల 800 గ్రాములకు వస్తే అది మామూలే. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి. పదో వంతు కంటే ఎక్కువ తగ్గినా, రెండు వారాలకు కూడా పాత బరువు అందుకోకపోయినా డాక్టరుకు చూపించాలి. ఆశా తూకం వేయాలని పట్టుబట్టమన్నది ఇందుకే.

పట్టించే తీరు కూడా తెలుసుకోవాలి. ముచ్చిక ఒక్కటే నోట్లో ఉంటే మీకు నొప్పి, పగుళ్లు. బిడ్డకు పాలు రావు. బిడ్డ నోరు పెద్దగా తెరిచినప్పుడు ముచ్చిక చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి వెళ్లేలా దగ్గరికి తీసుకోండి. బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనాలి, పొట్ట మీ పొట్టకు తగలాలి. మీరు బిడ్డ మీదికి వంగితే రెండు రోజుల్లో నడుం పట్టేస్తుంది. బిడ్డనే దిండు మీద మీ ఎత్తుకు తెచ్చుకోండి. రోజుకు 8 నుంచి 12 సార్లు ఇవ్వాలి. రాత్రిపూట తప్పకుండా ఇవ్వాలి, రాత్రి చప్పరించే బిడ్డకే మర్నాడు పాలు బాగా దిగుతాయి.

బిడ్డ రెండున్నర కిలోల కంటే తక్కువ పుట్టి, చప్పరించే ఓపిక లేకపోతే శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండి ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టండి. సీసా వద్దు. మామూలు గది వేడిలో పిండిన పాలు నాలుగు గంటల లోపు వాడేయాలి. మన ఎండాకాలంలో అంతకంటే ముందే వాడేయడం మంచిది.

పాలడబ్బాల గురించి ఒక మాట. శిశువుల పాల డబ్బాలకు ప్రకటనలు చేయడం, తల్లులకు ఉచిత శాంపిల్ ఇవ్వడం 1992 చట్టం ప్రకారం నిషేధం. ఎవరైనా "ఫ్రీ" అని డబ్బా చేతిలో పెడితే అది మీ మేలు కోరి ఇచ్చింది కాదని అర్థం చేసుకోండి. తల్లికి ఒంట్లో బాగాలేక డాక్టరు రాసిస్తే అది వేరే సంగతి.

ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు. ఎండాకాలంలో కూడా నీళ్లు అక్కర్లేదు, పాలల్లోనే నీళ్లుంటాయి. డాక్టరు రాసిన మందులు, చుక్కలు మాత్రం పట్టొచ్చు.

అమ్మమ్మ చెప్పేవాటిలో ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలేయాలి

పెద్దవాళ్లు చెప్పే ప్రతిదీ తప్పు అని ఎవరైనా అంటే నమ్మొద్దు. బాలింతను నెలకు పైగా పనిలో పెట్టకుండా పడుకోబెట్టడం, బిడ్డకు గాలి తగలకుండా టోపీ పెట్టడం, తల్లి పక్కలోనే ఉంచడం, ఒళ్లు మెత్తగా నూనె రాయడం మంచి అలవాట్లు. గోరువెచ్చని కొబ్బరి నూనెతో నెమ్మదిగా రాస్తే చాలు. కాళ్లూ చేతులూ లాగడం, ముక్కు సాగదీయడం, తల నొక్కి గుండ్రంగా చేయడం అవసరం లేదు. తల ఆకారం దానంతట అదే సర్దుకుంటుంది.

వదిలేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వీటిలో గట్టిగా ఉండండి.

నోట్లో ఆముదం, తేనె, వస, ఉగ్గు, గ్రైప్ వాటర్ పోయొద్దు. తేనెలో ఉండే ఒక రకం క్రిమి ఏడాదిలోపు పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. స్నానం చేయించేటప్పుడు ముక్కులో, నోట్లో ఊదడం కూడా వద్దు.

బొడ్డు మీద పసుపు, బూడిద, పౌడరు, నూనె, ఏదీ వేయొద్దు. పొడిగా వదిలేయండి. ఐదు నుంచి పదిహేను రోజుల లోపు అదే ఊడిపోతుంది. బొడ్డు ఊడే వరకు బిడ్డను తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. పుట్టిన మొదటి రోజు స్నానమే వద్దు, ఒళ్లు చల్లబడిపోతుంది.

పుట్టిన బిడ్డ రొమ్ములు ఉబ్బి, పాల లాంటి చుక్క వస్తే పిండొద్దు. తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల అలా ఉంటుంది, ఆడబిడ్డకైనా మగబిడ్డకైనా. పిండితే చీము పడుతుంది. అలాగే సాంబ్రాణి పొగ. వాసన ఎంత బాగున్నా, పొగ పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదు. తలారాలంటే మెత్తటి గుడ్డతో తుడవండి. కాటుక కంట్లో పెట్టొద్దు. దిష్టి చుక్క కావాలంటే అరికాలికి పెట్టండి, ఎవరికీ అభ్యంతరం ఉండదు.

అత్తగారితోనో అమ్మతోనో వాదన పెట్టుకోవడం బాలింతకు కష్టం. "డాక్టరు గారు వద్దన్నారు" అనండి. ఆశా వచ్చినప్పుడు ఆమె చేత పెద్దావిడకే నేరుగా చెప్పించండి. ఎక్కువ ఇళ్లలో ఆ మాట పనిచేస్తుంది.

బాలింత తిండి

పచ్చి బాలింతకు నీళ్లు ఇవ్వకూడదు, కారప్పొడి అన్నమే పెట్టాలి, పప్పు వాతం, పండ్లు జలుబు అనే పథ్యం ఇంకా చాలా ఇళ్లలో నడుస్తోంది. వెల్లుల్లి కారం తినండి, తప్పులేదు. దాంతో పాటు పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పెరుగు, పండు కూడా ఉండాలి. పాలిచ్చే తల్లి మామూలు కంటే రోజుకు సుమారు 600 కేలరీలు ఎక్కువ తినాలి. రోజుకు మూడు పూటల భోజనం మీద ఇంకో రెండుసార్లు ఏదో ఒకటి తినాల్సిందే. దాహం వేసినప్పుడల్లా నీళ్లు తాగండి. కుట్లు మానాలన్నా, మలబద్ధకం రాకుండా ఉండాలన్నా నీళ్లు కావాలి.

కాన్పు తర్వాత 6 నెలల పాటు రోజుకు ఒక ఐరన్ మాత్ర, రెండు కాల్షియం మాత్రలు వాడాలి. విలేజ్ హెల్త్ క్లినిక్‌లో ఉచితంగా ఇస్తారు. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగొద్దు, ఒకదాన్ని ఇంకొకటి పనిచేయనివ్వదు. కాల్షియం ఉదయం, సాయంత్రం తిన్న తర్వాత, ఐరన్ రాత్రి అనుకుంటే గుర్తుంటుంది. ఐరన్ వేసుకుని వెంటనే టీ తాగొద్దు.

బిడ్డకు 6 నెలలు నిండే వరకు బాలింతకు అంగన్‌వాడీ నుంచి పోషకాహారం అందాలి. పుట్టింటి ఊళ్లో పేరు లేదు కాబట్టి ఇవ్వలేమంటే, ఆధార్, తల్లీబిడ్డల కార్డు చూపించి పోషణ్ ట్రాకర్‌లో పేరు ఇక్కడికి మార్చమని అడగండి. ఊరు మారిన లబ్ధిదారుల పేరు మార్చే వీలు అందులో ఉంది. తిరిగి అత్తగారింటికి వెళ్లేటప్పుడు మళ్లీ మార్పించుకోవాలి, మరిచిపోవద్దు. 7వ నెల నుంచి బిడ్డ పేరు మీద బాలామృతం కూడా అక్కడే వస్తుంది.

భయపడాల్సినవి, భయపడక్కర్లేనివి

ముందు భయపడక్కర్లేనివి చెప్పుకుందాం, ఎందుకంటే తొలిచూలు తల్లి నిద్రపోకుండా చేసేవి ఇవే. ఎక్కిళ్లు, తుమ్ములు. పాలు తాగాక పెదవి చివర కొంచెం కక్కడం. రోజుకు ఏడెనిమిది సార్లు పసుపుపచ్చగా పల్చగా విరేచనం. ఒళ్లు పొట్టు లేవడం. ఆడబిడ్డకు మొదటి వారంలో ఒకటి రెండు చుక్కల రక్తం కనిపించడం. ఉచ్చ పోసే ముందు ఏడవడం. నిద్రలో ఉలిక్కిపడడం. ఇవన్నీ ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనూ ఉంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా తెల్లారే వరకు ఆగొద్దు.

మొదటిది, అన్నిటికంటే ముఖ్యమైనది: నిన్నటి దాకా బాగా పాలు తాగిన బిడ్డ ఈరోజు తాగడం మానేసింది. లేపినా లేవడం లేదు, నోట్లో పెట్టినా చప్పరించడం లేదు. "బుద్ధిగా పడుకుంది" అని మురిసిపోయే ప్రమాదం ఇక్కడే ఉంది. పసిబిడ్డ ఒంట్లోకి ఇన్‌ఫెక్షన్ వెళ్తే పెద్దవాళ్లలా జ్వరం వచ్చి మూలగదు. చప్పుడు లేకుండా డీలా పడిపోతుంది.

రెండోది ఊపిరి. బిడ్డ ఏడవకుండా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి పూర్తిగా ఒక నిమిషం పొట్ట కదలిక లెక్కపెట్టండి. 60 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే మళ్లీ ఒకసారి లెక్కపెట్టండి. రెండోసారీ అంతే వస్తే ఆసుపత్రికి బయలుదేరండి. డొక్కలు లోపలికి లాక్కుపోవడం, పెద్దవాళ్లు "డొక్కలెగరేస్తోంది" అనేది, మూలుగు, పెదవులు నీలంగా మారడం ఉంటే లెక్కపెట్టే పనే లేదు, 108కి ఫోన్ చేయండి.

మూడోది ఒంటి వేడి. జ్వరం ఎంత ప్రమాదమో ఒళ్లు చల్లబడడం అంతే ప్రమాదం. చేతి వెనక భాగంతో పొట్ట, పాదాలు రెండూ తాకి చూడండి. పొట్ట వెచ్చగా, పాదాలు చల్లగా ఉంటే బిడ్డకు చలి పడుతోంది. బట్టలు విప్పి మీ రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్లు ఆనించి, పైన దుప్పటి కప్పండి. తండ్రి కూడా ఇలా పెట్టుకోవచ్చు. పొట్ట కూడా చల్లగా ఉంటే అలాగే గుండెలకు ఆనించుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఇంకా: ఫిట్స్, బొడ్డు చుట్టూ ఎర్రగా అవడం లేదా చీము, ఒంటి మీద చీము పొక్కులు, ఆకుపచ్చ వాంతి, పొట్ట ఉబ్బిపోవడం.

కామెర్ల గురించి విడిగా చెప్పాలి. రెండో రోజో మూడో రోజో ముఖం కొంచెం పచ్చబడడం చాలామంది పిల్లల్లో ఉంటుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. పుట్టిన 24 గంటల లోపే పచ్చబడినా, పచ్చదనం అరచేతులకూ అరికాళ్లకూ దిగినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా అది మామూలు కామెర్లు కాదు. ఆలస్యం అయితే మెదడు దెబ్బతింటుంది, వినికిడి పోవచ్చు. నీలం లైటు కింద ఒకటి రెండు రోజులు పెడితే చాలామందికి తగ్గిపోతుంది. పొద్దుటి ఎండలో పెట్టడం దీనికి వైద్యం కాదు. పసరు మందులు, వాతలు పెట్టించడం అసలే వద్దు. ఆ వాతల పుండ్లతో, ముదిరిపోయిన కామెర్లతో కలిపి ఆసుపత్రికి తెచ్చే పిల్లలను కాపాడడం ఎంత కష్టమో నర్సులను అడిగితే చెప్తారు.

ఎక్కడికి తీసుకెళ్లాలి? నవజాత శిశువుల ప్రత్యేక వార్డు (ఎస్ఎన్‌సీయూ) ఉన్న ఆసుపత్రికి. జిల్లా ఆసుపత్రుల్లో, మరికొన్ని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ వార్డు ఉంటుంది. మీ పుట్టింటికి దగ్గరలో ఉన్నది ఏదో ఆశాను ముందే అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి. ఏడాది లోపు బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, రవాణా ఉచితం. ఏ ఊరి కార్డు అన్న ప్రశ్న అక్కడ రాదు. దారిలో బిడ్డను మీ ఒంటికి ఆనించుకునే ఉండండి, తాగగలిగితే పాలిస్తూ ఉండండి.

తల్లి సంగతి

గంటలోపే గుడ్డ తడిసిపోయేంత రక్తం, చలిజ్వరం, దుర్వాసన, తట్టుకోలేని తలనొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్స్, ఒక కాలు పిక్క వాచి నొప్పి రావడం ఉంటే 108కే ఫోన్ చేయాలి. కాన్పు అయిపోయింది కదా అని ఊరుకోకూడదు.

మూడో రోజో నాలుగో రోజో కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి జరుగుతుంది, పది పదిహేను రోజుల్లో పోతుంది. రెండు వారాలు దాటినా ఏడుపు తగ్గకపోతే, బిడ్డ మీద ఏ భావమూ కలగకపోతే, నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలనిపిస్తే అది జబ్బు. మంచి తల్లి కాకపోవడం వల్ల వచ్చేది కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించి ఊరుకోవద్దు. 14416 (టెలీ మానస్) కు ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు పడదు. ఆడపిల్ల పుట్టిందని ఇంట్లో ఎవరైనా మాటలంటుంటే కూడా ఆ సంగతి ఆశాకు చెప్పండి. అలాంటి మాటలు బాలింతను కుంగదీస్తాయి.

పాలిస్తున్నంత కాలం గర్భం రాదని నమ్మి వెంటనే రెండో కాన్పుకు వచ్చేవాళ్లు ఉన్నారు. 42వ రోజు ఆశా వచ్చినప్పుడు ఎడం పాటించే పద్ధతుల గురించి అడగండి.

టీకాలు, జనన నమోదు, ఐదు వేలు

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి వేస్తారు. డిశ్చార్జ్ అయ్యే ముందు ఇవి కార్డులో రాశారో లేదో చూసుకోండి. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్, వాటితో పాటు ఆయా వారాల్లో న్యుమోనియా టీకా, పోలియో సూది ఉంటాయి. ఏ ఊళ్లోనైనా వేయించుకోవచ్చు. సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. కొద్దిగా జలుబు ఉందని వాయిదా వేయొద్దు. సూది వేసిన చోట పసుపు గానీ మందు గానీ రాయొద్దు, రుద్దొద్దు. ఒకటి రెండు రోజులు జ్వరం వస్తే ఏఎన్ఎం చెప్పిన మోతాదులో జ్వరం మందు వేయండి. బీసీజీ వేసిన భుజం మీద కొన్ని వారాలకు పొక్కు వచ్చి మచ్చ పడుతుంది. అది టీకా పనిచేస్తున్న గుర్తు.

జనన నమోదు బిడ్డ పుట్టిన ఊళ్లోనే జరుగుతుంది, అత్తగారి ఊళ్లో కాదు. 21 రోజుల లోపు అయితే ఉచితం. బారసాల కాలేదని ఆగక్కర్లేదు, పేరు లేకుండానే నమోదు చేయించి ఏడాదిలోపు పేరు ఉచితంగా చేర్పించవచ్చు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన వాళ్లకు బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ సర్టిఫికెట్టే ఆధారం. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హత ఉన్న తల్లికి మొదటి బిడ్డకు 5,000 రూపాయలు రెండు విడతలుగా వస్తాయి. గర్భం నమోదై ఆరు నెలల లోపు కనీసం ఒక పరీక్ష చేయించుకుంటే 3,000. జనన నమోదు జరిగి, 14 వారాల టీకాలు పూర్తయితే 2,000. అంటే పైన చెప్పిన రెండు పనులూ పుట్టింట్లో సమయానికి జరగకపోతే ఈ రెండో విడత ఆగిపోతుంది. ఎక్కువగా ఆగేది ఇక్కడే. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 ఒకేసారి ఇస్తారు. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఇది వర్తించదు.

డబ్బు తల్లి సొంత ఖాతాలోనే, ఆధార్ లింకు అయిన ఖాతాలోనే పడుతుంది. భర్త ఖాతా ఇస్తే పడదు. పెళ్లయ్యాక ఆధార్‌లో ఇంటిపేరు మార్చుకోవాలనుకుంటే దరఖాస్తుకు ముందు గానీ, రెండు విడతలూ పడ్డాక గానీ మార్చుకోండి. మధ్యలో మారిస్తే బ్యాంకు పేరుకూ ఆధార్ పేరుకూ పొంతన కుదరక ఇబ్బంది పడతారు. 14 వారాల టీకాలు వేయించిన రోజే కార్డులో ఆ పేజీని, జనన ధ్రువపత్రాన్ని ఫోటో తీసి, గర్భం నమోదు చేసిన అత్తగారి ఊరి ఆశాకు పంపండి. ఆమె స్పందించకపోతే మీరున్న చోట ఆశానో ఏఎన్ఎంనో కార్డు, ఆధార్ చూపించి అడగండి.

దరఖాస్తుకు ఫీజు లేదు. "మాతృ వందన డబ్బు వచ్చింది, లింకు నొక్కండి, ఓటీపీ చెప్పండి" అని బాలింతలకే ఫోన్ చేసి మోసం చేసేవాళ్లు ఉన్నారు. ఈ పీడీఎఫ్‌లో కావాలనే ఒక్క లింకు కూడా పెట్టలేదు. ఈ సమాచారంతో పాటు మీకు ఏదైనా లింకు వస్తే అది ఇందులోది కాదు, నొక్కొద్దు.

అత్తగారింటికి బయలుదేరే ముందు రోజు కార్డు సంచిలో పెట్టుకున్నారో లేదో చూసుకోండి. ఇక్కడి ఆశాకు వెళ్తున్నామని, అక్కడి ఆశాకు వస్తున్నామని చెప్పండి. బిడ్డకు 3వ నెలలో, 6, 9, 12, 15 నెలల్లో మళ్లీ ఇంటికి వచ్చి చూడాల్సింది అక్కడి ఆశానే.

ఫోన్ నంబర్లు
అత్యవసర అంబులెన్సు: 108
తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్: 102
ఆరోగ్య సలహా: 104
మనసు బాగాలేనప్పుడు: 14416
మహిళల సహాయానికి: 181
మీ పుట్టింటి ఊరి ఆశా: ______________
మీ అత్తగారి ఊరి ఆశా: ______________